బరువు దుప్పటి, నానమ్మ చెయ్యి

మన ఇళ్లల్లో ప్రేమ సగం చేతుల్లోనే ఉంటుంది. పిల్ల కనబడగానే తల నిమురుతాం, బుగ్గ పుణుకుతాం, పక్కన కూర్చోబెట్టుకుని వీపు రాస్తాం. మా అమ్మాయికి వీటిలో ఏదీ పడదు. తల మీద చెయ్యి వేస్తే మెడ ముడుచుకుని పక్కకి జరుగుతుంది. బుగ్గ ఎవరైనా ముట్టుకుంటే ఆ చోట అరచేత్తో గట్టిగా రుద్దేసుకుంటుంది. విదేశంలో పెరుగుతున్న పిల్ల కాబట్టి మనవాళ్లంటే చేరిక లేదనుకున్నారు కొందరు. మా అమ్మ అయితే నొచ్చుకుంది. "దానికి నేనంటే ఇష్టం లేదేమోరా" అంది ఒకసారి ఫోన్లో.

అదే పిల్ల సోఫా మీది దిండ్లన్నీ లాగి మీద వేసుకుని వాటి అడుగున పడుకుంటుంది. పరుపుకీ గోడకీ మధ్య సందులో దూరుతుంది. బడి నుంచి వచ్చిన రోజున మాట పెగలకపోతే వచ్చి నేలమీద బోర్లా పడుకుని, నన్ను తన వీపు మీద చేతులు పెట్టి బరువంతా వెయ్యమంటుంది. ముట్టుకుంటేనే ఉలిక్కిపడే పిల్లకి అంత బరువు ఎందుకు కావాలి? ఆటిజం ఉన్న పిల్లల్ని పెంచుతున్న ఇళ్లల్లో ఈ ప్రశ్న ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. థెరపిస్టు దగ్గర మనకి జవాబు ఇంగ్లీషులో దొరుకుతుంది. దాన్ని అమ్మకీ అత్తగారికీ తెలుగులో చెప్పాల్సి వచ్చినప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో తోచదు. మా అమ్మాయి కప్పుకునే బరువు దుప్పటి గురించి, అంటే పూసలు నింపి కావాలని బరువుగా కుట్టిన దుప్పటి గురించి, నేను చెప్పుకున్న తీరు ఇక్కడ రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని.

తేలికగా తాకే స్పర్శ వేరు, గట్టిగా నొక్కే ఒత్తిడి వేరు. మెడ మీద వెంట్రుక కదిలినా, కాలి మీద చీమ పాకినా ఎవరికైనా చటుక్కున ధ్యాస అటు పోతుంది. చర్మం మీద మెత్తగా కదిలేది ఏదైనా ఒంటిని అప్రమత్తం చేస్తుంది. కండరాల దాకా, కీళ్ల దాకా దిగే ఒత్తిడి చాలామందికి నెమ్మదినిస్తుంది. ఇది అందరిలోనూ ఉండేదే. ఆటిస్టిక్ వ్యక్తుల్లో ఆ తేడా చాలా పెద్దదిగా ఉండవచ్చు. మనకి నిమిరినట్టు ఉండేది వాళ్లకి గీరినట్టు ఉండవచ్చు. మనకి బరువనిపించేది వాళ్లకి హాయిగా ఉండవచ్చు. శబ్దం, వెలుతురు, స్పర్శ వంటివాటికి అతిగానో, మరీ తక్కువగానో స్పందించడాన్ని 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (మానసిక వైద్యులు రోగనిర్ధారణకి వాడే అమెరికా పుస్తకం) ఆటిజం లక్షణాల్లో చేర్చింది. అంతకుముందు దశాబ్దాల పాటు ఆటిస్టిక్ వాళ్లు చెబుతూ వచ్చిన మాటే అది.

చెయ్యి ఎక్కడుంది, కాలు ఎక్కడుంది అన్నది కళ్లు మూసుకున్నా మనకి తెలుస్తుంది. కండరాలూ కీళ్లూ మెదడుకి ఆ కబురు పంపుతూనే ఉంటాయి. ఒంటి మీద బరువు ఉన్నప్పుడు ఆ కబురు గట్టిగా అందుతుంది. మా అమ్మాయి తన మాటల్లో చెప్పింది: "దుప్పటి ఉంటే నేను ఎక్కడి వరకు ఉన్నానో తెలుస్తుంది నాన్నా." నాకు ఇంతకంటే బాగా వివరించడం రాదు.

ఈ విషయం లోకానికి గట్టిగా చెప్పిన మనిషి టెంపుల్ గ్రాండిన్. 1947లో అమెరికాలో పుట్టిన ఆటిస్టిక్ స్త్రీ, పశువుల ప్రవర్తన మీద పనిచేసిన శాస్త్రవేత్త. చిన్నప్పుడు ఎవరైనా కౌగిలించుకుంటే బాగుండునని ఆమెకి ఉండేది, తీరా కౌగిలించుకుంటే తట్టుకోలేక విడిపించుకునేది. ఆరిజోనాలో బంధువుల పశువుల క్షేత్రంలో, టీకాలు వేసేటప్పుడు పశువుని రెండు పక్కల నుంచీ పలకలతో ఒత్తి పట్టుకునే చట్రం చూసింది. ఆ ఒత్తిడిలో కొన్ని పశువులు నెమ్మదించడం గమనించి, తనే అందులో దూరి చూసింది. పద్ధెనిమిదేళ్ల వయసులో తనకోసం అలాంటి యంత్రమే ఒకటి చెక్కతో తయారుచేసుకుంది. ఇలాంటి గాఢమైన ఒత్తిడి కలిగించే నెమ్మది గురించి 1992లో ఒక పరిశోధన వ్యాసం కూడా రాసింది.

ఆ యంత్రంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించేది, దాని పిడి లోపల ఉన్న మనిషి చేతిలోనే ఉండటం. ఎంత ఒత్తాలి, ఎప్పుడు ఆపాలి అన్నది తనే నిర్ణయించుకుంటుంది. ఇంకొకరు కౌగిలించుకుంటే ఆ వీలు లేదు. బరువు దుప్పటి విషయంలో తల్లిదండ్రులం మిగతావన్నీ మరచిపోయినా దీన్ని మరవకూడదని నా గట్టి నమ్మకం. పిల్ల తనంతట తాను కప్పుకోవాలి, తనంతట తాను తీసెయ్యగలగాలి.

దుప్పటి సంగతి చూస్తే, అందులో రహస్యమేమీ లేదు. బొంతలాగా చిన్న చిన్న గడులుగా కుట్టి, ఒక్కో గడిలో సన్నటి గాజు పూసలో ప్లాస్టిక్ పూసలో నింపుతారు. గడులు లేకపోతే పూసలన్నీ ఒక మూలకి జారిపోతాయి. కొన్నిటిలో పూసలకి బదులు లోహపు గొలుసులు వాడతారు. ఒంటి బరువులో పదో వంతుకి అటూ ఇటూ అన్నది ఎక్కువమంది చెప్పే లెక్క. ముప్పై కిలోల పిల్లకి మూడు కిలోలన్నమాట. ఇది వాడుకలో స్థిరపడిన అంచనా మాత్రమే, కొలిచి నిరూపించిన సూత్రం కాదు. పిల్లల విషయంలో ఆ లెక్క దాటకుండా, ఆక్యుపేషనల్ థెరపిస్టుని (రోజువారీ పనుల్లో పిల్లలకి సాయపడే నిపుణుల్ని) అడిగి, తక్కువతో మొదలుపెట్టడం మేలు. బరువు కుదిరినా బట్ట కుదరకపోవచ్చు. మా అమ్మాయి నూగుగా ఉండే బట్టని వేలితో తాకి వెనక్కి ఇచ్చేసింది, నున్నటి నూలు బట్ట అయితే ఒప్పుకుంది. గాజు పూసలు ప్లాస్టిక్ పూసల కంటే సన్నగా ఉంటాయి, కదిలినప్పుడు చప్పుడు తక్కువ. చప్పుడు పడని పిల్లలకి ఇది చిన్న సంగతి కాదు. ఉక్క కూడా చూసుకోవాలి. కొందరు ఆటిస్టిక్ పిల్లలకి ఒళ్లు వేడెక్కిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది, అప్పటికే చెమటతో తడిసి చిరాకు మొదలై ఉంటుంది.

ఇంట్లో పెద్దలు అడిగే మొదటి ప్రశ్న: "ఇది కప్పితే తగ్గుతుందా?" తగ్గాల్సిందేమీ లేదని, ఇది హాయి కోసమని ఓపికగా చెబుతూ వచ్చాను. ఇక్కడి స్నేహితులు అడిగేది ఇంకోటి: "పరిశోధనలు ఏమంటున్నాయి?" దానికీ సూటిగా జవాబు చెప్పాలి. 2014లో పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్య పత్రికలో బ్రిటన్ వైద్యుల అధ్యయనం ఒకటి వచ్చింది. అయిదు నుంచి పదహారేళ్ల వయసున్న ఆటిస్టిక్ పిల్లలు, నిద్ర సమస్య ఉన్నవాళ్లు, కొన్నాళ్లు బరువు దుప్పటితో, కొన్నాళ్లు మామూలు దుప్పటితో పడుకున్నారు. 67 మంది వివరాలు లెక్కగట్టారు. బరువు దుప్పటి వల్ల నిద్రపోయిన సమయం పెరగలేదు, త్వరగా నిద్ర పట్టడమూ, రాత్రి మెలకువలు తగ్గడమూ కనబడలేదు. అయినా పిల్లలూ తల్లిదండ్రులూ బరువు దుప్పటినే ఎక్కువ ఇష్టపడ్డారు. 2020లో స్వీడన్ నుంచి వచ్చిన అధ్యయనంలో, కుంగుబాటు, ఆందోళన, బైపోలార్, ఏడీహెచ్‌డీ వంటి మానసిక సమస్యలు ఉన్న 120 మంది పెద్దవాళ్లలో గొలుసు దుప్పటి వాడినవాళ్లకి నిద్రలేమి బాగా తగ్గింది. అది ఆటిజం మీద చేసినది కాదు, పిల్లల మీద చేసినదీ కాదు. కాబట్టి ఇది నిద్రకి మందు అని గానీ ఆటిజానికి చికిత్స అని గానీ ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

అయితే మొదటి అధ్యయనంలోని ఆ ఇష్టాన్ని నేను చిన్నదిగా చూడలేను. నిద్ర గంటల్ని గడియారం కొలుస్తుంది. పడుకున్నంతసేపూ ఒంట్లో అలజడి ఉందా, నెమ్మది ఉందా అన్నది ఆ పిల్లలే చెప్పాలి. వాళ్లు చెప్పారు కూడా.

ప్రమాదాల గురించి కొంచెం నిలిచి చెప్పాలి. 2008లో కెనడాలోని క్వెబెక్‌లో ఆటిజం ఉన్న తొమ్మిదేళ్ల బాబు బడిలో బరువు దుప్పటిలో చుట్టి ఉంచగా ఊపిరాడక చనిపోయాడు. 2022లో అమెరికాలో ఇద్దరు చిన్నారులు జిప్పు తీసి దుప్పటి కవరు లోపలికి దూరి, బయటికి రాలేక ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ రకం దుప్పట్లన్నీ వెనక్కి తీసుకున్నారు. పసిపాపల మీద గానీ పక్కన గానీ బరువున్న దుప్పటి, బరువున్న నిద్ర దుస్తులు ఉండకూడదని అక్కడి పిల్లల వైద్యుల సంఘం అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022 సూచనల్లో స్పష్టంగా చెప్పింది. ముఖం మీదికి రానివ్వకూడదు. పిల్లని చుట్టకూడదు, అంచులు పరుపు కింద దోపకూడదు. తీసెయ్యడానికి బలం గానీ నేర్పు గానీ లేని పిల్లకి అసలు వద్దు. ఊపిరి ఇబ్బంది, మూర్ఛ, కండరాల బలహీనత ఉంటే డాక్టరుని అడగకుండా మొదలుపెట్టొద్దు.

కుదురుగా ఉండటం లేదని, ఏడుస్తోందని, బంధువుల ముందు అల్లరి చేస్తోందని పిల్ల మీద దుప్పటి వేసి అదిమితే ఆ క్షణం నుంచీ అది హాయి కాదు, నిర్బంధం. క్వెబెక్ ఘటన తలచుకుంటే నాకు కోపం వస్తుంది. తీసెయ్యమని అడిగే దారి ఆ బాబుకి ఎవరూ ఇవ్వలేదు. మా ఇంట్లో దీనికోసం చేతి సైగలు పెట్టుకున్నాం. ఎందుకంటే అలజడి ఎక్కువైనప్పుడు మా అమ్మాయికి ముందు తెలుగు పోతుంది, కాసేపటికి ఇంగ్లీషు కూడా పోతుంది. అరచెయ్యి కిందికి చూపిస్తే బరువు కావాలని, పైకి చూపిస్తే తీసెయ్యమని.

తెలుగు మాట వచ్చింది కనుక, పక్కదారే అయినా చెప్పాలి. ఆటిజం అని తేలగానే ఇంటి భాష మానెయ్యండి, ఒక్క భాషే మాట్లాడండి అని ప్రవాస తల్లిదండ్రుల్లో చాలామందికి సలహా వస్తుంది. రెండు భాషలు వినడం వల్ల ఆటిస్టిక్ పిల్లల మాట దెబ్బతింటుందని ఇంతవరకూ వచ్చిన అధ్యయనాలు చూపలేదు. మేం తెలుగు మానలేదు. మానేసి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు.

మా అమ్మకి వీడియో కాల్‌లో దిండు పట్టుకుని చూపించాను. "నిమరొద్దమ్మా. ముందు అడుగు. అది ఊఁ అంటే రెండు భుజాల మీదా అరచేతులు ఆనించి కదపకుండా నొక్కు. వేళ్లు ఆడించకు." అమ్మ ఆ పక్కన ఇంకో దిండు పట్టుకుని నొక్కి చూసుకుంది. "ఇంత గట్టిగానా? పిల్లకి నొప్పెయ్యదట్రా?" అని బెంగపడింది. ఆ తర్వాత మేం వెళ్లినప్పుడు గుమ్మంలో చేతులు చాపకుండా నిలబడి అడిగింది. మా అమ్మాయి వెనక్కి తిరిగి వీపు ఆనించింది. "ఇంకా గట్టిగా, నానమ్మా" అంది తెలుగులో. అమ్మ కళ్లు తుడుచుకోడానికి ఒక చెయ్యి తీస్తే, మా అమ్మాయి ఆ చెయ్యి పట్టుకుని మళ్లీ తన భుజం మీద పెట్టుకుంది.

ప్రయాణాల్లో పెద్ద దుప్పటి మోయడం కష్టం. మూడు నాలుగు కిలోలు సామాను తూకంలోనే పోతాయి. ఒళ్లో పెట్టుకునే చిన్న బరువు మెత్త తీసుకెళతాం. విమానంలో అది చాలు. తనిఖీలో విప్పి చూపించమనవచ్చు, అందుకే సంచిలో పైనే పెట్టుకుంటాం. వెళ్లిన చోట ఉక్కగా ఉంటే సాగే బట్టతో కుట్టిన బిగువు దుప్పటి నయం, బరువు లేకుండానే ఒత్తుతుంది.

"పెద్దదయ్యాక కూడా ఇదేనా?" అని అడుగుతారు బంధువులు. టెంపుల్ గ్రాండిన్ తన యంత్రం పాడైతే బాగుచేయించలేదని, ఇప్పుడు మనుషుల్నే కౌగిలించుకుంటున్నానని 2010లో చెప్పింది. అది విని మావాళ్లలో కొందరు సంతోషించారు. నాకు మాత్రం దాన్ని గమ్యంగా పెట్టుకోవాలని లేదు. జీవితాంతం బరువు దుప్పటి కప్పుకునే ఆటిస్టిక్ పెద్దవాళ్లు ఎంతోమంది ఉన్నారు, ఉద్యోగాలు చేస్తూ, పిల్లల్ని పెంచుకుంటూ. మా అమ్మాయికి ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఉంటుంది.

ఈ ఏడు తను పొడుగైంది, పాత దుప్పటి మోకాళ్ల దాకానే వస్తోంది, బరువూ చాలడం లేదంటోంది. కొత్తది తెచ్చాం గానీ పైన పాత నూలు బట్టే కావాలంది. మా ఆవిడ పాత కవరు అంచులు విప్పి కొత్తదానికి సరిపోయేలా అతుకు వేస్తోంది. జిప్పు పెట్టడం లేదు, నాలుగు వైపులా కుట్టేస్తోంది. ఉతకాల్సి వచ్చినప్పుడు మళ్లీ విప్పుకుంటాం.