కొబ్బరి మాను మీద పాము కోత

4 ఆదివారాలు పోయాయి, 11 మాన్లు అయిపోయాయి, 6 రంపాలు మొద్దుబారాయి. ఇవ్వాల్సిన వాసాలు 24. దారం పట్టి చూస్తే నిలబడేవి మొన్నటిదాకా 9. మిగతావాటిని తిరగేసి చూసి, తోట తాలూకు ఆసామి ఒకటే మాటన్నాడు: "వాసం కొయ్యమంటే పావుని కోసిచ్చారేంటండీ?" కాదనడానికి లేదు. 10 అడుగుల వాసంలో నడిమికి వచ్చేసరికి 3 నూళ్ళు పల్లం, చివరికి మళ్ళీ మిట్ట. పెంకులు ఆ అలల మీద కూర్చోవు.

ఈలోగా మామిడి, వేప, 22 అంగుళాల వెడల్పున్న నిద్రగన్నేరు బల్లచెక్కలు కోసిచ్చాం. అవన్నీ తిన్నగా వచ్చాయి, రాయడానికేం లేదు. గొడవంతా కొబ్బరితోనే.

పని ఇదీ: రాజోలు వైపు ఒక పెంకుటింటి వసారాకి 4×2 అంగుళాల వాసాలు, 10 అడుగుల పొడవు. ఉప్పునీరెక్కి కాపు తగ్గిన ముసలి చెట్లు. ఇంకా పచ్చి ఆకు ఉండగానే కొట్టించారు, అది మంచిదైంది. మోడై ఏడాది నిలబడ్డ చెట్టయితే లోపల పొట్టు తప్ప ఏమీ మిగలదు. మాన్లు మొదట్లో 12 అంగుళాలు, తల వైపు పదింబావు. మిల్లు అదే పాత బ్యాండ్‌సా, అంటే రెండు చక్రాల మీద పట్టీలా తిరిగే రంపం: 19 అంగుళాల చక్రాలు, 144 అంగుళాల రంపం, 14 హార్స్‌పవర్ పెట్రోలు ఇంజను, రంపం వేగం నిమిషానికి 4,500 అడుగుల దగ్గర. మిల్లు కింద బండి చక్రాలున్న మాటే గానీ, లైసెన్సున్న అడితి దాటి బయటికి పోదు, కట్టేసిన ఎద్దులాగా.

కొబ్బరిని తేలిగ్గా తీసుకోవడమే మొదటి తప్పు. కొమ్మల్లేవు, ముడుల్లేవు, ఏటేటా పేరుకునే వలయాల్లేవు, గొట్టంలాంటి మాను. వెన్నలా తెగాలి కదా అనిపిస్తుంది. తీరా చూస్తే ఒకే మానులో మూడు రకాల చెక్క ఉంటుంది. పై చేవ ఘనపు మీటరుకి 600 కిలోలు దాటుతుంది, దాని లోపలి పొర 400 నుంచి 600, నడుమ బెండు 400 లోపు. మొదలు వైపు చేవ మందం, తల వైపు పల్చన. పైగా ఆ పీచు కట్టల్ని అంటిపెట్టుకుని ఇసుక జాతి రేణువులుంటాయి, అంటే సిలికా. చెట్టు లోపలే ఆకురాయి ఉన్నట్టు లెక్క. దానికి తోడు మాన్లని ఇసుక దిబ్బ మీద ఈడ్చుకొచ్చారు. మొదటి రెండు రంపాలు పోయింది ఆ ఇసుకకే. ఇప్పుడు పంపుతో కడిగి, కోత పడే చోట బెరడు గీకి గానీ బెడ్డు మీదికెక్కించట్లేదు.

ఇక కొలతలు. పలక మందం కొలిస్తే ఏ కోత తప్పిందో తెలియదు, రెండు కోతల తప్పులూ అందులో కలిసిపోతాయి. అందుకని ప్రతి కోత తర్వాత, మాను మీద మిగిలిన ముఖం బెడ్డు నుంచి ఎంత ఎత్తుందో రెండేసి అడుగులకి కొలిచాం. తల వైపు నుంచి మొదలుపెట్టి, అనుకున్న గీతకి తేడా నూళ్ళలో (8 నూళ్ళు అంగుళం):

2వ కోత, గుండెకి 3 అంగుళాల పైన: 0, 0, ఒకటిన్నర పల్లం, రెండున్నర పల్లం, 2 పల్లం, చివర ఒకటిన్నర మిట్ట.
3వ కోత, దాదాపు గుండె మీదుగా: 0, 0, అర, అర, 0, చివర 1 మిట్ట.
4వ కోత, గుండెకి 2 అంగుళాల కింద: 0, అర మిట్ట, 1 మిట్ట, 2 మిట్ట, 2 మిట్ట, చివర రెండున్నర మిట్ట.

ఈ అంకెలు కాగితం మీద పెట్టేదాకా గైడు రోలర్లనే, అంటే కోతకి అటూ ఇటూ రంపాన్ని పట్టి ఉంచే రోలర్లనే తిట్టుకున్నాం. రంపం మీద అడుగు స్టీలు స్కేలు బిగించి, రెండు గైడ్ల దగ్గరా బెడ్డుకి సమాంతరం చూస్తే అర మిల్లీమీటరు తేడా ఉంది, సరిచేశాం, ఫలితం సున్నా. రోలరు వాలి ఉంటే రంపం ఎప్పుడూ ఒకే వైపుకి పోవాలి. ఇక్కడ గుండె పైన కిందికి దిగుతోంది, గుండె కింద పైకెక్కుతోంది, గుండె మీద మాత్రం దాదాపు తిన్నగా ఉంది. అంటే ఎటు చెక్క మెత్తగా ఉంటే అటు ఒరుగుతోంది. బెండు లాగుతోందన్నమాట, కాస్త సరిగ్గా చెప్పాలంటే చేవ నెట్టేస్తోంది. మానుని తిరగేసి కోసినా ఇదే వరస.

కారణం తెలిసినంత మాత్రాన రంపం మాట వినదు. ఒక్కోసారి ఒక్కటే మార్చి చూశాం, ఒకే తోట మాన్ల మీద.

పదును: కొత్త రంపంతో మొదటి కోతలో 1 నూలే పల్లం, నాలుగో కోతకి రెండున్నర. భూతద్దంలో పళ్ళ మూలలు గుండ్రం తిరిగిపోయి కనిపిస్తున్నాయి. మొద్దుతనం రోగాన్ని పెంచుతోంది గానీ పుట్టించట్లేదు. సానకి ఇచ్చిన చోట ఒక విడత పళ్ళ సందులు నీలంగా మాడ్చి పంపారు, వాటిలో రెండు అరగంటకే చిట్లాయి. అప్పట్నించి సాన ఇక్కడే, సీబీఎన్ అనే గట్టి సాన పూత ఉన్న చక్రం మీద నూనె పారిస్తూ.

బిగువు: చల్లగా ఉన్నప్పుడు బోల్టు 30 అడుగు-పౌండ్లకి బిగిస్తే, 15 నిమిషాల కోత తర్వాత 23 చూపిస్తోంది. రంపం వేడెక్కి సాగుతోంది. మానుకి ఒకసారి మళ్ళీ బిగిస్తుంటే అర నూలు దక్కింది. పని అయ్యాక వదులు చెయ్యడం మరిచిపోతే మాత్రం చక్రాల బెల్టులకి గుంట పడుతుంది.

పళ్ళ సెట్టు, అంటే పళ్ళు పక్కకి వంగిన మేర: కొన్నప్పుడు ఒక్కో వైపు 21 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు). పచ్చి బెండు పొట్టుగా రాలదు, తడి దూదిలా పీచుపీచుగా వచ్చి రంపానికీ చెక్కకీ మధ్య ఇరుక్కుని రంపాన్ని ఒక పక్కకి తోస్తుంది. పలక ఎత్తగానే దాని మీది పొట్టు చూడండి: వేడిగా, అట్టలా అతుక్కుని ఉంటే సెట్టు చాలలేదు, చల్లగా, ఊదితే ఎగిరిపోతే ఎక్కువైంది. 26 థౌకి పెంచాక గోరువెచ్చగా, వేలితో గీకితే ఊడేలా వచ్చింది. 28 చూశాం, పలక మీద పంటి గాట్లు మిగిలాయి, వెనక్కొచ్చాం.

గైడ్ల మధ్య ఎడం 24 అంగుళాల నుంచి 14కి తగ్గించడం ముందే చెయ్యాల్సిన పని, సిగ్గుతోనే రాస్తున్నాం. గైడ్లు రంపాన్ని కిందికి నొక్కేది 2 నూళ్ళు, దాన్ని ముట్టుకోలేదు.

తోసే వేగం దగ్గర అనుకున్నదానికి తిరగబడింది. 10 అడుగులకి 40 సెకన్లు పట్టే చోట, మెల్లగా పోతే తిన్నగా వస్తుందని 75 సెకన్లకి దింపాం. ఇంకా పాడైంది. పన్ను కొరకడం మానేసి రుద్దుతోంది, చేవ మీద రుద్దితే సిలికా ముందు పదును నిలవదు. 50 సెకన్ల దగ్గర, ఎక్కడా ఆగకుండా, ఇంజను చప్పుడు మారకుండా తోస్తేనే బాగుంది. నడుమ ఆగి ఊపిరి తీసుకుంటే అక్కడ మెట్టు పడుతుంది.

నీళ్ళలో కాస్త గిన్నెల సబ్బు కలిపి చుక్కలుగా వదులుతున్నాం, తీపి రసం రంపానికి బంకలా పట్టకుండా. డీజిలు పోసే అలవాటు చాలా మిల్లుల్లో ఉంది. కొబ్బరికి వద్దు: వాసన పోదు, తర్వాత మందు నీళ్ళలో ముంచితే డీజిలు పట్టిన చోట మందు ఎక్కదు.

వీటన్నిటికంటే పనిచేసింది పంటి వాలు, అంటే పన్ను ముందుకి ఎంత వంగి ఉందన్నది. 10 డిగ్రీల పన్ను మెత్త చెక్క దొరకగానే ఆబగా లోపలికి దిగిపోతుంది. వుడ్‌మైజర్ కంపెనీ 4/32 రంపం వేశాక, అంటే 4 డిగ్రీల వాలు, పల్లం రెండున్నర నుంచి 1 నూలుకి దిగింది. తోయడానికి బరువే, ఇంజను మూలుగుతుంది కూడా. అయినా గట్టి చెక్క కోసేవాళ్ళు 10 డిగ్రీల రంపాన్నే అన్నిటికీ వాడటం బద్ధకమని ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది.

ఆఖరి మార్పు కోత వరసలో. మానుని పైనుంచి కిందికి పలకల్లా కోసుకుంటూ పోవడం మానేశాం. 11 అంగుళాల మాను మీద 3 నూళ్ళు తీస్తే 4 అంగుళాల చదును ముఖం వస్తుంది. దాని కింద 2 అంగుళాల పలక. తిప్పి ఎదురు వైపు అంతే, తర్వాత మిగిలిన రెండు వైపులా. నాలుగు వైపులా నాలుగు చేవ పలకలు, నడుమ 6×6 దిమ్మ. రంపం బెండు జోలికి దాదాపు పోదు, పైగా వాసంలో బెండు ఉండదు కాబట్టి బరువూ ఆగుతుంది. వరస పలకల పద్ధతిలో సగం వాసాలకి ఒక అంచు బెండే, అవి తిన్నగా వచ్చినా ఇవ్వకూడనివే. లెక్క చూస్తే చుట్టుకొలత 34న్నర అంగుళాలు, నాలుగో వంతు పద్ధతిలో (చుట్టుకొలతలో నాలుగో వంతుని దానితోనే హెచ్చించి, పొడవుతో హెచ్చిస్తే) మాను 5.17 సీఎఫ్‌టీ, అంటే ఘనపుటడుగులు, నాలుగు వాసాలు 2.22. అంటే 43 శాతం. దిమ్మని కోళ్ళ గూటికో పాకలో అడ్డానికో తీసుకుపోతారు, ఇంటి బరువు దాని మీద పెట్టొద్దని చెప్పి మరీ ఇస్తున్నాం. కొబ్బరికి కూలి మాత్రం సీఎఫ్‌టీ మీద కాదు, గంట మీద, రంపం ఖర్చు వేరే. టేకు లెక్కన ఒప్పుకుంటే చేతి డబ్బులు పోతాయి.

ఈ పద్ధతిలో మొన్న 4 మాన్లు కోస్తే 15 వాసాలు నిలబడ్డాయి, అన్నీ 1 నూలు లోపు. 24 పూర్తయ్యాయి. బోరాక్స్ 3 పాళ్ళు, బోరిక్ ఆమ్లం 2 పాళ్ళు కలిపిన నీళ్ళలో ముంచి, మధ్యన బద్దెలు పెట్టి నీడలో పేర్చాం. ఈ గాలి తేమకి రెండో రోజు వదిలేసినా నల్ల బూజు పడుతుంది.

తేలని సంగతి ఒకటుంది. మొదలు వైపు ఆఖరి 14 అంగుళాల్లో రంపం ఒకటిన్నర నూలు పైకి ఎగురుతోంది, పంటి వాలు మార్చినా సరే. రంపం నడిచే పట్టాలు అతికిన చోట ముప్పావు మిల్లీమీటరు మెట్టుంది, దొంగ దొరికాడనుకున్నాం. మానుని 2 అడుగులు జరిపి కోస్తే ఎగురుడు మానుతోపాటే జరిగింది, పట్టాల దగ్గర ఏమీ లేదు. తలకిందులు చేసి మొదలు వైపు నుంచి కోస్తే, మొదటి అడుగులో తడబడి తర్వాత సర్దుకుంటోంది. మొదట్లో చేవ లోపలిదాకా ఉంటుంది కాబట్టి, అప్పటిదాకా మెత్తగా పోతున్న రంపానికి అది గోడలా తగులుతోందని ఒక ఊహ. అది నిజమైతే పక్కకి ఒరగాలి గానీ ఎప్పుడూ పైకే ఎందుకు? అప్పటికి రంపం వేడెక్కి వెనక అంచు సాగి ఉండటం రెండో ఊహ. ప్రస్తుతానికి పదకొండున్నర అడుగుల మాను తెప్పించి, చెడ్డ అడుగు నరికేస్తున్నాం. ఇది మందు కాదు, కట్టు.

వచ్చే పక్షం లెనాక్స్ కంపెనీది, పళ్ళకి కార్బైడ్ అనే బాగా గట్టి లోహపు మొనలున్న రంపం ఒకటి చేతికొస్తుంది. మామూలు దానికంటే చాలా రెట్లు ధర, ఒక్క మేకు తగిలితే గోవిందా, అందుకే కొబ్బరికి తప్ప దేనికీ బిగించం. ప్రతి మానుకీ మొదలు వైపు ఎగురుడు ఒకటే కొలవాలి: పదును నిలిచినా ఎగిరితే తప్పు చెక్కది, ఆగితే రంపానిది.

అడితి మూల ఒక తాటి మాను కూడా దిగింది, దూలాలు కావాలట. పైన 2 అంగుళాల నల్ల పీచు చూస్తేనే ఈ రంపాలకి జడుపు. పాత ఇళ్ళలో తాటి దూలాలు చాలావరకు చీల్చే మేకులు (ఒక వైపు మందం, ఒక వైపు పల్చన ఉండేవి) దిగేసి నిలువునా చీల్చి, బాడిశతో చెక్కినవే. ముందు ఇనుప మేకులతో సగానికి చీల్చి, బెండు తోడేసి, ఆ చీలిన ముఖాన్ని బెడ్డు మీద బోర్లించి పైన ఒక్క కోత పెట్టి చూడాలి. మేకులు చేయించడానికి పాత లారీ కమాను పట్టీ కోసం చూస్తున్నాం.