కాలువకు నీళ్లు వదలకముందే అడగాలి

ధవళేశ్వరం నుంచి జూన్‌లో నీళ్లు వదిలారంటే డెల్టాలో ఆ ఏటి పూడికతీత లెక్కలన్నీ నీళ్లకిందికి పోయినట్టే. ఎంత లోతు తీశారో, అసలు తీశారో లేదో ఆపైన కొలిచే దారి ఉండదు. సమాచార హక్కు దరఖాస్తులు మాత్రం చేలు మునిగాకే ఎక్కువగా పడతాయి. కోపం వచ్చేది అప్పుడు కదా! కాగితాలు అప్పుడూ ఇస్తారు, పక్కన పెట్టి సరిచూడటానికి నేలే కనపడదు. అందుకే మొదటి దరఖాస్తు వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేయకముందు, మార్చి నెలాఖరుకల్లా వెళ్లాలి.

ఎవరిని అడగాలన్నది ముందు తేల్చుకోండి. పెద్ద పంట కాలువలు జలవనరుల శాఖలో ఇరిగేషన్ వాళ్లవి. మురుగు కాలువలు అదే శాఖలో డ్రెయిన్ల విభాగానివి. ఊళ్లో సిమెంటు డ్రెయిన్లు పంచాయతీవి. తప్పు ఆఫీసుకు వేస్తే సెక్షన్ 6(3) ప్రకారం వాళ్లే 5 రోజుల్లోగా సరైన చోటికి పంపాలి, కానీ వేసవిలో ఆ 5 రోజులూ విలువైనవే. ఫీజు గ్రామస్థాయిలో లేదు, మండలస్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. పోస్టల్ ఆర్డరు గానీ కోర్టు ఫీజు స్టాంపు గానీ పెట్టి రిజిస్టర్డ్ పోస్టులో పంపితే అందిన రుజువు చేతిలో ఉంటుంది. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు చూపే కార్డు ఉంటే నకలు జతచేయండి, ఫీజే లేదు. ఎందుకు అడుగుతున్నారో రాయనక్కర్లేదు.

దరఖాస్తులు ఎక్కువగా చెడేది ప్రశ్నల దగ్గరే. "మా డ్రెయిను ఎందుకు బాగుచేయలేదు?" అని రాస్తే "సమాచారం లేదు" అని ఒక్క ముక్కలో జవాబొస్తుంది, అందులో తప్పూ లేదు. ఆఫీసులో ఉన్న కాగితం ఇవ్వాలి తప్ప, లేనిది కొత్తగా తయారుచేసి ఇవ్వనక్కర్లేదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. కాబట్టి కాగితాన్ని పేరు పెట్టి అడగాలి. మొదటి దరఖాస్తులో అంచనా, సాంకేతిక మంజూరు, ఒప్పందం నకళ్లు చాలు. పని పేరు, ఎన్నో కిలోమీటరు నుంచి ఎన్నో కిలోమీటరు వరకో రాయండి. కాంట్రాక్టరు పాన్ నంబరు, బ్యాంకు ఖాతా జోలికి పోవద్దు. వాటి వంకతో మొత్తం దరఖాస్తునే తిప్పిపంపుతారు.

పని మొదలైందని తెలియగానే రెండో దరఖాస్తు వేయండి. ఇందులో లెవెల్ పుస్తకం (కాలువ అడుగు ఎత్తులు రాసేది), ఎంబుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లతోపాటు తప్పక రాయాల్సిన వాక్యం ఒకటుంది: "సెక్షన్ 2(జె) ప్రకారం పై పనిని స్వయంగా తనిఖీ చేయుటకు తేదీ, సమయం తెలియజేయగలరు." పనిని చూసే హక్కు చట్టంలోనే ఉన్నా దీన్ని వాడేవాళ్లు తక్కువ. నా లెక్కలో నకళ్ల కంటే ఇదే బలమైనది. రికార్డులు ఆఫీసులో కూర్చుని చూస్తే మొదటి గంట ఉచితం, తర్వాత ప్రతి 15 నిమిషాలకు 5 రూపాయలు. నకళ్లకు పేజీకి 2 రూపాయలు.

ఎంబుక్‌లో చూడాల్సింది మొత్తం బిల్లు కాదు, లోతు. పనికి ముందు తీసిన లెవెల్‌కూ తర్వాతి లెవెల్‌కూ తేడానే డబ్బు. అడుగు వెడల్పు 3 మీటర్లున్న డ్రెయిన్లో కిలోమీటరు పొడవునా 40 సెంటీమీటర్ల పూడిక తీస్తే 1200 ఘనపు మీటర్లు. అదే 60 సెంటీమీటర్లని రాస్తే 1800. ఆ 20 సెంటీమీటర్లు గట్టు మీద నుంచి చూస్తే తెలియదు. టేపు, కర్ర తీసుకుని దిగి, ఎంబుక్‌లో రాసిన చోట్లలోనే కొలవాలి. పనికి ముందు లెవెల్ ఏ తేదీన తీశారో కూడా చూడండి. పొక్లెయిన్ దిగాక తీసిన "ముందు లెవెల్"కు అర్థం లేదు.

తీసిన మట్టి ఎక్కడికి పోయిందన్నది ఇంకో లెక్క. దూరం తీసుకెళ్లి పోసినందుకు అంచనాలో రేటు ఉండి, మట్టి మాత్రం గట్టంచునే ఉంటే ఫొటో తీసిపెట్టుకోండి. మొదటి వానకే అది మళ్లీ డ్రెయిన్లోకి జారుతుంది. కొబ్బరితోటలకు రైతులే తోలుకుపోయిన చోట కూడా ఆ రవాణా డబ్బు బిల్లులో పడిందేమో చూడాలి.

గుర్రపుడెక్క సంగతి వేరు. తీసిన కొన్నాళ్లకే మళ్లీ అల్లుకుంటుంది, తీశారో లేదో జాడ దొరకదు. అక్కడ కొలత తీసిన తేదీ, ఆనాటి ఫొటోలు తప్ప ఆధారం లేదు. అవే అడగండి.

పంచాయతీ డ్రెయిన్లకు గ్రామసభ తీర్మానాల పుస్తకం ముఖ్యం. హాజరు సంతకాలు ముందు తీసుకుని, తీర్మానం తీరిగ్గా తర్వాత రాసుకునే అలవాటు చాలాచోట్ల ఉంది. సభ ముగిసేలోగా తీర్మానం చదివి వినిపించమని అడగండి, చదివాకే సంతకం పెట్టండి. మర్నాడే నకలుకు దరఖాస్తు ఇస్తే మధ్యలో వాక్యాలు చేర్చే వీలు తగ్గుతుంది.

30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాతి 30 రోజుల్లోగా అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది. ఆలస్యానికి రోజుకు 250 రూపాయల చొప్పున, 25,000 దాకా సమాచార అధికారికి జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది. గడువు దాటాక ఇచ్చే నకళ్లకు పేజీ డబ్బులు అడిగితే కట్టకండి, సెక్షన్ 7(6) ప్రకారం అవి ఉచితంగానే ఇవ్వాలి.