చల్లటి బానెట్

నేను మొదటి కారు చూడ్డానికి వెళ్లేసరికి అది స్టార్ట్ చేసి ఉంది. "మీరొస్తున్నారని ఒక రౌండ్ తిప్పి తెచ్చానండీ" అన్నాడు అమ్మే ఆయన. ఎంత మర్యాదగా మాట్లాడుతున్నాడో అనుకున్నాను. బానెట్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. ఆ వేడికి అర్థం ఏమిటో అప్పటికి నాకు తెలియదు.

బండి రాత్రంతా ఆగి, పొద్దున్నే మొదటిసారి స్టార్ట్ అయ్యేటప్పుడు చూడాలి. ఆయిల్ సిలిండర్‌లోకి దిగకుండా ఆపే వాల్వ్ సీళ్లు అరిగిపోయి ఉంటే రాత్రంతా కారిన ఆయిల్ అప్పుడు నీలం పొగగా బయటికొస్తుంది. ఇంజిన్ రెండు భాగాల మధ్య సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ సన్నగా లీకవుతుంటే, సిలిండర్‌లోకి చేరిన కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వల్ల ఇంజిన్ కాసేపు కుదుపుతుంది, తియ్యటి వాసనతో తెల్లపొగ వస్తుంది. ఇంజిన్ వేడెక్కాక ఇవన్నీ చాలావరకు కనిపించకుండా పోతాయి. నేనేమో పెయింట్ చూశాను, సీట్లు చూశాను, ఏసీ వేసి చూశాను. "ఏ ప్రాబ్లమూ లేదండీ" అన్నాడు. వారంటీ ఏమీ లేదని, ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నానని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను.

మూడు వారాలకు టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి వెళ్లింది. గ్యాస్కెట్ పోయిందన్నాడు మెకానిక్. కూలెంట్ ట్యాంక్ అడుగున పేరుకున్న గోధుమరంగు మడ్డి చూపించి, లీకులు తాత్కాలికంగా ఆపడానికి ఇలాంటి మందు పోస్తారని చెప్పాడు. ఫోన్ చేస్తే "నేను వాడినన్నాళ్లూ బాగానే ఉందండీ" అన్న జవాబు వచ్చింది. కాగితం ప్రకారం ఆయన తప్పేమీ లేదు. రిపేరు ఖర్చు కొన్నాళ్లకు మర్చిపోయాను. నా కళ్లలోకి చూస్తూ అన్న ఆ "ఏ ప్రాబ్లమూ లేదండీ" మాత్రం మర్చిపోలేకపోయాను.

రెండోసారి కొనేటప్పటికి చాలా నేర్చుకున్నాను. టైరు పక్కన ఉండే నాలుగంకెల కోడ్‌లో 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. మీటరు తక్కువ చూపిస్తూ క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి ఉంటే, రీడింగ్ వెనక్కి తిప్పారేమోనని అనుమానించాలి. కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెడితే లోపాలేవీ చూపించకపోయినా, ఆ కంప్యూటర్ చేసుకునే స్వీయ పరీక్షలు ఇంకా పూర్తి కాలేదని వస్తే, ఈ మధ్యనే ఎవరో లోపాల కోడ్‌లు చెరిపేశారేమో అడగాలి.

ఇంత తయారై వెళ్తే, ఆ కారు అమ్మే ఆవిడ ముందురోజే ఫోన్ చేసి "పొద్దున్నే రండి, అప్పటిదాకా బండి బయటికి తియ్యను" అన్నారు. వెళ్లాక ఆవిడే మొదలుపెట్టారు. చల్లగా ఉన్నప్పుడు రెండో గేరు పట్టేస్తుందట. ఎడమవైపు వెనక తలుపు గీసుకుపోతే మళ్లీ పెయింట్ వేయించారట. మా మెకానిక్ కనిపెట్టేలోపే అన్నీ చెప్పేశారు.

అప్పుడు నేను చేసిన పనికి ఇప్పటికీ సిగ్గుపడతాను. "గేరు పట్టేస్తుందని మీరే అన్నారు కదా, ఇంకా తగ్గించాలి" అని బేరం మొదలుపెట్టాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. "అది తగ్గించుకునే ధర చెప్పానండీ. నేను చెప్పకుండా ఉంటే మీరు ఈ ధరకే తీసుకునేవారేమో" అన్నారు.

పాత కార్ల గురించి 1970లో జార్జ్ ఎకర్లాఫ్ అనే ఆర్థికవేత్త ఒక వ్యాసం రాశారు. ఏది మంచిదో ఏది కాదో కొనేవాడికి తెలియదు కాబట్టి అన్నింటికీ ఒక మధ్యరకం ధరే ఇస్తాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాళ్లు అమ్మరు, మిగిలేవి చెడ్డవే. 2001లో ఆయన మరో ఇద్దరితో నోబెల్ పంచుకోవడానికి ఈ ఆలోచనే ముఖ్య కారణం. చదివినప్పుడు నాకు ఆవిడే గుర్తొచ్చారు. నిజం చెప్పినవాళ్లను ఆ నిజంతోనే కొడుతుంటే, తర్వాతి బండికి వాళ్లు నోరు విప్పుతారా? ఆ రోజు ఆవిడ చెప్పిన ధరే ఇచ్చి కారు తెచ్చుకున్నాను. ఆ గేరు తప్ప చాలాకాలం మరే ఇబ్బందీ రాలేదు.

ఏళ్ల తర్వాత అదే కారు నేను అమ్మాల్సి వచ్చింది. అప్పటికి ఏసీ కంప్రెసర్ శబ్దం చేస్తోంది. వచ్చిన ఇద్దరికీ ముందే చెప్పాను, ఇద్దరూ వెళ్లిపోయారు. మూడో అతను వస్తున్నాడనగా నిజంగానే టెన్షన్ పడ్డాను. పది నిమిషాలు తిప్పి ఉంచితే గేరు సంగతి తెలియదు, ఏసీ ఆపేసి ఉంచితే శబ్దమూ వినపడదు. ఇదంతా ఎంత తేలికో అప్పుడు తెలిసింది నాకు.

తాళం అతని చేతికిచ్చి మీరే స్టార్ట్ చేయండన్నాను. అతను ముందు బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. స్టార్ట్ చేసి, రెండో గేరు వేసి, ఏసీ పెట్టి, తల వంచి విన్నాడు.

"మీరు చెప్పిన శబ్దం ఇదేనా?"

"ఇదే."