బోధిధర్ముడు మనోడే గానీ...

చైనాలో ఫోషాన్ అంటే మా బావకి టైల్సు, సోఫాలు. నాకేమో తెనాలిలో కరాటే క్లాసు గోడకి అంటించిన బ్రూస్ లీ పోస్టరు, ఆయన గురువు ఇప్ మాన్ సొంతూరు. బేరాలు మూడు రోజులు సాగాయి, వాటి గురించి రాయను, ఏ కొట్టుకెళ్లినా ఒకటే తంతు. నాలుగో రోజు పొద్దున్నే గ్వాంగ్‌జౌలో మెట్రో ఎక్కి త్సుమియావ్ స్టేషన్లో దిగాం. దారంతా బావది ఒకటే పాట: "కుంగ్‌ఫూ మనదే బామ్మర్దీ. కంచి నుంచి బౌద్ధ సన్యాసి బోధిధర్ముడొచ్చి నేర్పాడు."

ముందురోజు గ్వాంగ్‌జౌలో హువాలిన్ గుడికి తీసుకెళ్లడం నా తప్పే. బోధిధర్ముడు సముద్రం దాటి తొలిసారి కాలు పెట్టింది అక్కడేనని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం సంగతి సరే, ఆయన పేరు మీద చెలామణీ అయ్యే కసరత్తుల పుస్తకం మాత్రం 17వ శతాబ్దానిది. అంటే ఆయన పోయిన వెయ్యేళ్ల తర్వాతి మాట. ఇది చెప్పగానే బావ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

త్సుమియావ్ గుడికి టికెట్టు 20 యువాన్లు. తెనాలిలో ఏ గుడికీ అంత పెట్టలేదని బావ గొణుగుడు. కుంగ్‌ఫూ వీరుడు వాంగ్ ఫే-హుంగ్ పేరిట కట్టిన హాలు, ఇప్ మాన్ హాలు రెండూ ఆ ఆవరణలోనే. సింహం ఆట దగ్గర సెల్ఫీ స్టిక్కులు తప్ప సింహం కనపడలేదు. చిరాకొచ్చి ఇప్ మాన్ హాల్లోకి వెళ్లిపోయా.

ఇప్ మాన్ నేర్పిన కుంగ్‌ఫూ శైలి పేరు వింగ్ చున్. దాని గురు పరంపర చెప్పుకునే తీరు మన గోత్ర ప్రవరలాగే ఉంటుంది. అన్నిటికన్నా పైన ఇద్దరు ఆడవాళ్లు. షావోలిన్ గుడి తగలబడితే తప్పించుకున్న సన్యాసిని ఇంగ్ ముయ్, ఆమె దగ్గర నేర్చుకుని, బలవంతంగా పెళ్లాడబోయిన రౌడీని చితక్కొట్టిన టోఫు వ్యాపారి కూతురు యిమ్ వింగ్-చున్. ఆ తర్వాత ఉప్పు వర్తకుడైన ఆమె మొగుడు, ఎర్ర పడవల్లో ఊరూరా తిరిగే నాటకాలవాళ్లు. అక్కణ్ణుంచి కథ నేల మీదికి దిగుతుంది: ఫోషాన్లో మూలికల వైద్యుడు లియాంగ్ జాన్, ఆయన శిష్యుడు, డబ్బు మారకం చేసుకునే చాన్ వా-షున్, ఆయన దగ్గర ఇప్ మాన్ (1893-1972). హుంగ్ గా అనే ఇంకో కుంగ్‌ఫూ శైలి వాళ్లూ అదే మంటల్లోంచి బయటపడ్డ జీ సిన్ అనే సన్యాసి పేరుతోనే మొదలుపెడతారు.

ఇంతకీ ఆ తగలబడ్డ దక్షిణ షావోలిన్ ఎక్కడ? ఫుజియాన్ రాష్ట్రంలో పుతియాన్, చువాన్‌జౌ, ఫుచింగ్ మూడూళ్లూ "మాదే" అంటాయి. హనుమంతుడు పుట్టింది తిరుమలలోనా, హంపీలోనా అన్న మన గొడవే ఇది. అప్పట్లో చైనాని ఏలుతున్న మంచూ జాతి చక్రవర్తులని దించి, అంతకుముందటి మింగ్ వంశాన్ని తిరిగి నిలబెడతామన్న రహస్య సంఘాలు కూడా ఆ గుడి మంటల కథనే తమ పుట్టుక కథగా చెప్పుకునేవి. అంటే గురువుల పేర్లు వల్లించడమంటే నువ్వు ఎవరి పక్షమో చెప్పుకోవడమూనూ. నాటకాలవాళ్లు ఊరికే పరంపరలోకి రాలేదు. 1854లో లీ వెన్‌మావ్ అనే నటుడు ఫోషాన్లో తిరుగుబాటు లేవదీశాడు, వేషాల బట్టల్లోనే యుద్ధానికెళ్లారట. సురభి వాళ్లు కిరీటాలతో కలెక్టరాఫీసు మీదికి వెళ్లినట్టు ఊహించుకోండి. ప్రభుత్వం వాళ్ల సంఘం భవనాన్ని కూలగొట్టి, ఆ నాటకాలనే నిషేధించింది.

మధ్యాహ్నం టీ హోటల్లో బల్ల ఖాళీ లేక ఓ పెద్దాయన ఎదురుగా కూర్చున్నాం. ఆయన నా కప్పులో టీ పోస్తే నేను థాంక్స్ అన్నా. ఆయన నవ్వి, రెండు వేళ్లతో బల్ల మీద టకటకా కొట్టి చూపించాడు, అక్కడ థాంక్స్ అంటే అదే. ఫోన్లో ట్రాన్స్‌లేటర్ పెట్టి, ఇంగ్ ముయ్ నిజంగా ఉందా అని అడిగా. ఆయన మాట్లాడింది కాంటనీసు, నా ఫోనుకి తెలిసింది మాండరిన్. "కోడి లేదు" అని తెరమీద వచ్చింది.

ఫోను పక్కకి నెట్టి, చెయ్యి చాపమన్నాడు. తన ముంజేతిని నా ముంజేతికి ఆనించాడు. పట్టుకోలేదు, ఊరికే ఆనించాడంతే. నేను తోశా. నా చెయ్యి ఆయన చేతి మీదుగా జారి గాల్లోకి పోయింది, ఆయన అరచెయ్యి నా ఛాతీ ముందు ఆగి ఉంది. మళ్లీ తోశా, మళ్లీ అంతే. తెనాలిలో మూడు బెల్టులు సంపాదించిన చెయ్యది! ఆయన మోచెయ్యి మాత్రం ఒంటి నుంచి బెత్తెడు కూడా దూరం జరగలేదు. ఆ తర్వాత తన గుండె మీద వేలు పెట్టుకుని, భుజం మీదుగా వెనక్కి ఒకసారి, ఇంకా వెనక్కి ఇంకోసారి చూపించి ఆపేశాడు. తను, గురువు, గురువుగారి గురువు. అంతకన్నా వెనక్కి వేలు పోలేదు.

చివర్లో ఆయనే చెప్పి తెప్పించిన గేదెపాల మీగడ గిన్నె అచ్చం మన జున్నే, కాకపోతే మిరియాలు లేవు. బిల్లులో టీకి తలకింత చొప్పున వేరే ఛార్జీ ఉంది. బావ దాని మీద పది నిమిషాలు గొడవపడి ఓడిపోయాడు.

మెట్రోలో బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి, "ఏదీ, ఆ పెద్దాయన చేసినట్టు పెట్టు" అన్నాడు.