లోహాల విశిష్టోష్ణం: గ్రాము లెక్క, మోలు లెక్క

100 గ్రాముల రాగి ముక్కను 100 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, 25 డిగ్రీల వద్ద ఉన్న 200 గ్రాముల నీటిలో వేస్తే, పాత్రకూ గాలికీ పోయే వేడిని విస్మరించినప్పుడు, రెండూ సుమారు 28.3 డిగ్రీల వద్ద స్థిరపడతాయి. ఒక గ్రాము పదార్థాన్ని ఒక డిగ్రీ వేడెక్కించడానికి కావలసిన వేడే దాని విశిష్టోష్ణం; నీటికి అది 4.18 జౌళ్లు. కనుక నీరు గ్రహించిన వేడి 200 × 4.18 × 3.3, అంటే దాదాపు 2,759 జౌళ్లు. రాగి కోల్పోయినదీ అంతే కనుక, దానిని 100 గ్రాములతోను, రాగి చల్లబడిన 71.7 డిగ్రీలతోను భాగిస్తే రాగి విశిష్టోష్ణం 0.385 వస్తుంది. (నీరు వేడెక్కేది ఇంత స్వల్పంగా కాబట్టి, థర్మామీటరులో పావు డిగ్రీ తేడా వచ్చినా జవాబు ఏడెనిమిది శాతం మారిపోతుంది.)

నా దృష్టిలో అసలు విశేషం దీని తరువాతే ఉంది. గ్రాముకు అల్యూమినియం విశిష్టోష్ణం 0.897, రాగిది 0.385, సీసానిది 0.129, వీటి మధ్య పోలికే కనిపించదు. పరమాణు భారాలతో గుణించి మోలు లెక్కకు (ఏ లోహానికైనా పరమాణువుల సంఖ్య సమానంగా ఉండే పరిమాణానికి) తెస్తే మాత్రం అవి వరుసగా 24.2, 24.5, 26.7 జౌళ్లు అవుతాయి. 1819లో ఫ్రెంచి శాస్త్రవేత్తలు డ్యూలాంగ్, పెటిట్ గమనించిన ఈ సామ్యానికి కారణం, ఘనపదార్థం ఇముడ్చుకొనే వేడి దాని బరువును కాక, కంపించే పరమాణువుల సంఖ్యను అనుసరించడమే. అయితే గది ఉష్ణోగ్రత వద్ద బెరీలియం 16.4 దగ్గరే ఆగిపోతుంది. తేలికైన పరమాణువులు, దృఢమైన బంధాలు ఉన్నచోట వచ్చే ఇటువంటి లోటును 1907లో ఐన్‌స్టీన్, కంపనశక్తి విడివిడి మోతాదుల్లోనే మారుతుందనే క్వాంటం భావనతో వివరించాడు.