నా ఫైలు ఒకరి చేతిలోకి వచ్చాక

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్న కాలంలో బండి మీద నుంచి పడి నా తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ తరువాత నొప్పికి ఇచ్చిన పెంటజోసిన్ అనే మత్తుమందు ఇంజెక్షన్ ఎముక అతుక్కున్నాక కూడా నన్ను వదలలేదు. డాక్టరు చీటీ లేకుండా అది దొరికే చోట్లు తెలిశాయి. అక్కడ పరిచయమైన వారితో ఒకే సిరంజి పంచుకోవడం కూడా అలవాటైంది. ఆ మందును పదే పదే ఒకే చోట గుచ్చుకుంటే చర్మం, దాని కింది కండరం గట్టిపడి చెక్కబారిపోతాయి. నా తొడ మీద అలా గట్టిపడిన చోటే పుండు పడి చీము పట్టింది. దుస్తులకు అంటుకున్న చీము వాసన మిల్లులో పక్కన కూర్చునేవారికి తెలియకూడదని గుమాస్తాల గదిలో కిటికీ పక్క కుర్చీ అడిగి తీసుకున్నాను.

ఆసుపత్రులకు వెళ్లలేదని కాదు. పుండు చూసే డాక్టరు ఒకచోట, కాలేయం చూసే డాక్టరు మరొకచోట, మత్తు మాన్పించే డాక్టరు హైదరాబాదులో ఉండేవారు. ఎవరి గదిలో ఎవరి చీటీ వారిదే. ఒక నర్సింగ్ హోమ్‌లోనైతే చేతుల మీది సూది గుర్తులు చూసి, ముందు అది మానుకొని రమ్మని కట్టు కూడా కట్టకుండా పంపించేశారు.

నల్లగొండలో హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకున్నప్పుడు అక్కడి కౌన్సెలర్ నన్ను ఒక స్వచ్ఛంద సంస్థలో, ఒక రోగికి కావలసిన వైద్యమంతా కుదిర్చి వెంట ఉండే కేస్ మేనేజర్‌కు అప్పగించారు. నాకన్నా పదేళ్లు పెద్దవాడైన ఆయనను అన్నా అనే పిలిచేవాణ్ని. ఆయన ఒక కొత్త ఫైలు తెరిచి, "తమ్మీ, అన్నిటికన్నా ముందు నీకేం కావాలె?" అని అడిగాడు. పుండు మానాలని, రాత్రి నిద్ర పట్టాలని చెప్పాను. మొదటి పేజీలో ఆ రెండే రాసుకున్నాడు. మందు మానడం గురించి ఆ రోజు ఒక్క మాట కూడా ఎత్తలేదు. మరునాడు తానే వెంట వచ్చి కట్టు కట్టించాడు, కొత్త సిరంజిలు కూడా ఇచ్చాడు. మా అమ్మ మండిపడింది: "మాన్పియ్యమంటే సూదులిస్తవా బిడ్డా?" "ఒకరి సూది ఇంకొకరు వాడితె హెచ్‌ఐవీ లాంటి రోగాలు అంటుతయి అమ్మా, మానేదాక కొత్తవి అంటకుండ చూస్తున్న" అని ఆయన నెమ్మదిగా చెప్పాడు. అమ్మకు కోపం తగ్గలేదు గానీ ఆయనకు చాయ్ మాత్రం పెట్టింది.

హెచ్‌ఐవీ లేదని తేలింది. మూడు నెలల తరువాత మళ్లీ చేయించినా లేదనే వచ్చింది. అయితే కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ హెపటైటిస్-సి ఉంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద దానికి మందులు ఉచితం. సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ మాత్రలు రోజుకొకసారి చొప్పున 12 వారాలు వేసుకోవాలి. సూది పూర్తిగా మానితేనే ఇస్తామని మొదట ఒక డాక్టరు అడ్డుచెప్పారు. సూది వాడేవారికి కూడా చికిత్స ఇవ్వాలన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలను కేస్ మేనేజర్ ముద్రించి తెచ్చి, వాదన పెట్టుకోకుండా ఆయన బల్ల మీద ఉంచాడు. మందులు మొదలయ్యాయి.

మత్తు ఇంజెక్షన్‌కు బదులుగా ఇచ్చే బుప్రెనార్ఫిన్ మాత్ర కోసం ఎల్‌బీ నగర్‌లోని పిన్ని ఇంట్లో కొన్నాళ్లు ఉన్నాను. ఒంట్లో పాత మందు ప్రభావం తగ్గి వణుకు, ఆవలింతలు మొదలయ్యాకే మొదటి మాత్ర వేసుకోవాలని, తొందరపడితే బాధ మరింత పెరుగుతుందని అన్న ముందే చెప్పి, ఆ ఉదయం ఆసుపత్రి వరండాలో నా పక్కనే కూర్చున్నాడు. నర్సు మాత్రను నలగ్గొట్టి నాలుక కింద పెట్టి, కరిగేదాకా చూసి, నోరు తెరిపించి పంపేది. ఆ చేదును ఇప్పటికీ ఇష్టపడలేను. కాలేయం మందుల తేదీలు కూడా ఈ ప్రయాణాలతోనే కలిసేలా ఆయన ఫోన్ల మీద ఫోన్లు చేసి కుదిర్చాడు. నన్ను అడిగి, నా ఎదుటే మిల్లు యజమానితో మాట్లాడాడు. కాలేయానికి చికిత్స జరుగుతోందని మాత్రమే చెప్పాడు, ఉద్యోగం నిలిచింది. నా దృష్టిలో మందులతో సమానమైన వైద్యం ఇదే.

కాలేయం మాత్రలు ముగిసిన 12 వారాలకు చేసిన పరీక్షలో వైరస్ కనిపించలేదు. వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే ప్రతిరక్షకాలను చూసే యాంటీబాడీ పరీక్ష మాత్రం నయమైనా పాజిటివ్‌గానే వస్తుంది. తొడలోని రాడ్డు తీయించుకోబోతే ఒక ఆసుపత్రివారు ఆ రిపోర్టు చూసి వెనకాడారు. రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే, ఫైలులోని వైరల్ లోడ్ రిపోర్టు చూపించాకే ఆపరేషన్ చేశారు.

బుప్రెనార్ఫిన్ ఇంకా వాడుతున్నాను. మోతాదు తగ్గించే విషయంలో డాక్టరుకూ నాకూ తొందర లేదు. అన్న వేరే జిల్లాకు మారాడు. ఆయన చోట వచ్చిన మేడమ్ నన్ను కలిసేలోపే ఫైలంతా చదివేసింది. ఈ అలవాటు ఎలా మొదలైందని అడగకుండా, రాడ్డు తీసిన చోట కుట్లు మానాయా అని అడిగింది.