మా బేస్‌మెంట్‌లో ఇద్దరు హాకీ కుర్రాళ్ళు: ఒక బిల్లెట్ ఇంటి అనుభవం

కెనడాలో జూనియర్ ఐస్ హాకీ ఆడే కుర్రాళ్ళు పదహారు, పదిహేడేళ్ళ వయసులోనే కన్నవాళ్ళను వదిలి, తమను ఎంచుకున్న జట్టు ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరికి వెళ్ళిపోతారు. అక్కడ వాళ్ళకు హాస్టల్ ఉండదు. జట్టు కుదిర్చిన ఒక స్థానిక కుటుంబంతో, ఆ ఇంటి పిల్లల్లాగే సీజన్ పొడుగునా ఉంటారు. అలాంటి కుటుంబాన్ని ఇక్కడ బిల్లెట్ కుటుంబం అంటారు. సస్కాచెవాన్ ప్రావిన్స్‌లో మేమున్న ఊళ్ళో 2021 నుంచి మాది అలాంటి ఇల్లు. మాది తెనాలి. నేను ఇక్కడి ఆసుపత్రిలో నర్సును, మావారు ధాన్యం కొనే ఒక కంపెనీలో లెక్కలు చూస్తారు. మా అబ్బాయి చదువుకోసం టొరంటో వెళ్ళాక బేస్‌మెంట్ ఖాళీ అయింది, ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. హాకీ గురించి అప్పటికి మాకు తెలిసింది టీవీలో చూసినంతే.

జట్టు తరఫున బిల్లెట్ వ్యవహారాలు చూసే ఆవిడకు ఫోన్ చేస్తే దరఖాస్తు పంపారు. మా ఇద్దరికీ నేరచరిత్ర ఏమీ లేదని పోలీసుల నుంచి ధ్రువపత్రం తెచ్చుకోవాలి. పిల్లలతో, వృద్ధులతో మెలిగేవాళ్ళకు చేసే ప్రత్యేక తనిఖీ కూడా అందులో ఉంటుంది. ఆ తర్వాత ఆవిడ ఇంటికొచ్చి, పడకగదికి కిటికీ ఉందా, పొగ అలారం మోగుతుందా, ఆటగాడికి సొంత మంచం ఉందా అని చూసి, చివరికి వంటగదిలో కూర్చుని అసలు ప్రశ్న అడిగారు. గొడ్డుమాంసం వండమని దరఖాస్తులో రాశారు కదా, మరి పిల్లాడి కడుపు నింపగలరా అని. కోడి, చేప, గుడ్లు, అన్నం, పప్పు ఎంత కావాలంటే అంత పెడతాం, అదొక్కటి మాత్రం మా పొయ్యి మీదికి ఎక్కదని చెప్పాను. ఆవిడ ఏమీ అనకుండా రాసుకుని వెళ్ళారు. ఆగస్టు చివర్లో, ఒకణ్ణి అడిగిన మాకు ఇద్దర్ని పంపారు.

వాళ్ళ పేర్లు ఇక్కడ రాయను. ఇంట్లో మేం చెప్పుకున్నట్టే పెద్దవాడు, చిన్నవాడు అంటాను. పెద్దవాడికి పంతొమ్మిది, ఫార్వర్డ్ ఆడేవాడు. చిన్నవాడికి పదిహేడు, మానిటోబాలో ఒక పల్లెటూరి పిల్లాడు, డిఫెన్స్‌లో ఆడేవాడు. జట్టు నెలనెలా ఇచ్చే డబ్బు పాలకూ గుడ్లకూ సరిపోయేది. నాలుగు లీటర్ల పాల జగ్గు రెండు రోజులు నిలిచేది కాదు. మ్యాచ్ ఉన్న రోజు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా కోడి, పాస్తా తిని, కాసేపు పడుకుని, లేచి సూటు వేసుకుని టై కట్టుకుని సాయంత్రానికి అరీనాకు చేరాలి. ఈ వరుస ఒక్క మెట్టు తప్పినా వాళ్ళకు అపశకునమే. చిన్నవాడు రెండో నెలలోనే పాస్తా బదులు చికెన్ పులావు అడిగాడు. నేను కారం తగ్గించి వండాను. ఆ రాత్రి వాడు గోల్ కొట్టాడు గనుక ఆ సీజన్ అయ్యేదాకా మా ఇంట్లో మ్యాచ్ రోజు పులావే తప్ప ఇంకోటి లేదు.

వాళ్ళు ఆడింది డబ్ల్యూహెచ్‌ఎల్ అనే పశ్చిమ కెనడా జూనియర్ లీగ్‌లో. సెప్టెంబరు నుంచి మార్చి దాకా 68 మ్యాచ్‌లు ఉంటాయి. ఊరికీ ఊరికీ మధ్య దూరాలు గంటల లెక్కలో ఉంటాయి, చాలావరకు బస్సు ప్రయాణాలే. సస్కాచెవాన్‌లో బిల్లెట్ తల్లిగా ఉండడం అంటే ఆ బస్సు గురించి భయపడడం కూడా. 1986 డిసెంబరు 30న స్విఫ్ట్ కరెంట్ జట్టు బస్సు మంచు రోడ్డు మీద బోల్తాపడి నలుగురు ఆటగాళ్ళు చనిపోయారు. 2018 ఏప్రిల్ 6న హంబోల్ట్ జట్టు బస్సు, ఒక లారీ ఢీకొని 16 మంది పోయారు. వాళ్ళలో చాలామంది మా ఇంటి కుర్రాళ్ళలాగే పరాయి ఇళ్ళలో పెరుగుతున్న పిల్లలు. అందుకే ఊరు చేరగానే మెసేజ్ పెట్టాలన్నది మా ఇంట్లో నేను పెట్టిన ఒకే ఒక కఠిన నియమం. తెల్లవారుజామున మూడింటికి వచ్చినా సరే, అది చూశాకే నిద్రపోయేదాన్ని.

ఇక ఈ పిల్లలందరి కళ్ళూ ఎన్‌హెచ్‌ఎల్ అనే, అమెరికా, కెనడా జట్లు ఆడే అతిపెద్ద ప్రొఫెషనల్ లీగ్ మీదే ఉంటాయి. అందులో 32 జట్లున్నాయి. ఏటా జరిగే డ్రాఫ్ట్‌లో పద్దెనిమిదేళ్ళు వచ్చిన పిల్లల్ని ఏడు రౌండ్లలో ఎంచుకుంటారు. ఎన్‌హెచ్‌ఎల్ కింద ఏహెచ్‌ఎల్, దాని కింద ఈసీహెచ్‌ఎల్ అనే రెండు ప్రొఫెషనల్ మెట్లు ఉన్నాయి. పై జట్టు తన కుర్రాళ్ళను వాటిలో పెంచుతుంది. వినడానికి తిన్నని నిచ్చెనలా ఉంటుంది. దగ్గర నుంచి చూస్తే, ఆట ఎంత బాగా ఆడుతున్నాడన్న దానికంటే సంతకం ఏ కాగితం మీద ఉంది, ఏ తేదీలోగా ఉంది అన్నదే పిల్లాడి ఏడాదిని ఎక్కువసార్లు తేల్చేస్తుంది.

చిన్నవాడి సంగతే తీసుకుంటాను. 2022 జూలై 8న మాంట్రియల్‌లో డ్రాఫ్ట్ రెండో రోజు, రెండో రౌండ్ నుంచి ఏడో రౌండ్ దాకా వరసగా పేర్లు చదివారు. వాడు వాళ్ళ ఊళ్ళో ఉన్నాడు. నేను డ్యూటీలో ఉండి, మందుల ట్రాలీ పక్కన ఫోన్ పెట్టుకుని జాబితా చూస్తున్నాను. ఆరో రౌండ్‌లో పేరు కనబడింది. పక్క బెడ్‌లో ఉన్న ముసలాయన, హాకీ చూస్తూ పెరిగిన రైతు, నా ముఖం చూసి సంగతి అడిగి, తెలిశాక నాకంటే ఎక్కువ సంబరపడ్డాడు. ఇక వాడు ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాడైపోయాడనుకుని తెనాలిలో మా చెల్లెలు బంధువులందరికీ చెప్పేసింది. కానీ డ్రాఫ్ట్‌లో పేరు రావడం ఎంసెట్‌లో ర్యాంకు రావడంలాంటిది, సీటు వేరే సంగతి. ఆ జట్టుకు వచ్చింది వాడిని ఒప్పందంలోకి తీసుకునే హక్కు మాత్రమే. జూనియర్ లీగ్ నుంచి ఎంచుకున్నవాడి విషయంలో అప్పట్లో ఆ హక్కు రెండేళ్ళు ఉండేది. రెండో ఏడాది జూన్ 1లోగా ఒప్పందం కాకపోతే అది మురిగిపోయేది.

ఆ రెండేళ్ళూ వాడు మా ఇంటికే తిరిగి వచ్చాడు. అప్పటి నిబంధనల ప్రకారం ఇరవై నిండని జూనియర్ ఆటగాడు ఉంటే ఎన్‌హెచ్‌ఎల్‌లోనే ఉండాలి, లేదా జూనియర్ జట్టుకే రావాలి. మధ్యలో ఉన్న ఏహెచ్‌ఎల్‌లో ఆడే వీలు లేదు. పద్దెనిమిదేళ్ళవాడు తిన్నగా ఎన్‌హెచ్‌ఎల్‌లో నిలవడం ఏ నూటికో కోటికో ఒకరికి జరిగే విషయం. కాబట్టి జూలైలో డెవలప్‌మెంట్ క్యాంపు, సెప్టెంబరులో కొత్తవాళ్ళ క్యాంపు, అటుపైన పెద్ద క్యాంపులో కొద్ది రోజులు ఆడించి, జట్టు పేరున్న సంచీ భుజానికి తగిలించి పంపేసేవాళ్ళు. రెండో ఏడాది పెద్దవాళ్ళతో ఒక ప్రదర్శన మ్యాచ్ కూడా ఆడాడు. ఈలోగా ఆ జట్టులో జనరల్ మేనేజరు మారారు. ఒక జట్టు ఏకకాలంలో యాభై ఒప్పందాలకు మించి ఉంచుకోకూడదన్న పరిమితి ఉంది. కొత్తగా వచ్చినవారికి పాతవారు ఆరో రౌండ్‌లో ఎంచుకున్న పిల్లాడి మీద మమకారం ఎందుకుంటుంది? 2024 జూన్ 1 వచ్చింది, వెళ్ళింది. వాడు మళ్ళీ డ్రాఫ్ట్ జాబితాలోకి వెళ్ళాడు, ఈసారి ఎవరూ పిలవలేదు.

ఆ శరదృతువులో ఇంకో చిక్కు వచ్చింది. జూనియర్ జట్టులో ఇరవై ఏళ్ళవాళ్ళు ముగ్గురికి మించి ఉండకూడదు. మా జట్టులో నలుగురున్నారు. అక్టోబరులో ఒక రాత్రి భోజనం చేస్తుండగా ఫోన్ మోగింది. వాడు లేచి నిలబడి, ‘అలాగే, థాంక్యూ’ అని మూడుసార్లు అన్నాడు. బ్రిటిష్ కొలంబియాలో ఇంకో జట్టుకు మార్చేశారు, పొద్దున్నే విమానం. మావారు మాట్లాడకుండా కిందికి వెళ్ళి అటకమీది పెట్టె దింపారు. నేను సూట్లు మడత పెట్టాను. మూడేళ్ళ సామాను రెండు పెట్టెల్లో, ఒక స్టిక్కుల సంచీలో పట్టేసింది. తినకుండా వదిలేసిన పెరుగన్నం గిన్నె టేబుల్ మీద అలాగే ఉండిపోయింది. మారిన జట్టు ఊళ్ళో వాడికోసం ఇంకో బిల్లెట్ ఇల్లు అప్పటికే సిద్ధంగా ఉంది. ఈ పద్ధతి అంత చక్కగా నడుస్తుంది, నాకు నచ్చనిదీ అదే.

పెద్దవాడి దారి వేరు. వాడిని మూడు డ్రాఫ్టుల్లోనూ ఎవరూ తీసుకోలేదు. అయినా వాడికొక ఆశ ఉండేది, దానికి ఆధారం కళ్ళముందే కనిపించింది. 2021-22 సీజన్‌లో రెడ్ డీర్ జట్టుకు ఆడిన అర్ష్‌దీప్ బైన్స్ అనే, బ్రిటిష్ కొలంబియాలోని సర్రీ ఊరి పంజాబీ కుర్రాడు, అతన్నీ డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోలేదు, గోల్స్, గోల్స్‌కు అందించిన సాయం కలిపి 112 పాయింట్లతో లీగ్ మొత్తానికి మొదటివాడుగా నిలిచాడు. ఆ మార్చిలోనే ఎన్‌హెచ్‌ఎల్ జట్టు వాంకూవర్ కనక్స్ వాళ్ళు అతనితో ఒప్పందం చేసుకున్నారు. తర్వాత ఏహెచ్‌ఎల్‌లో అబాట్స్‌ఫర్డ్‌కు ఆడి, 2024 ఫిబ్రవరిలో ఎన్‌హెచ్‌ఎల్‌లో అడుగుపెట్టాడు. 2025లో కాల్డర్ కప్, అంటే ఏహెచ్‌ఎల్ ట్రోఫీ, గెలిచిన అబాట్స్‌ఫర్డ్ జట్టులో అతనున్నాడు. అప్పుడు ఆ జట్టు కోచ్‌గా ఉన్న మానీ మల్హోత్రా మూలాలూ మన దేశానివే. పెద్దవాడు ఇంకో పేరు కూడా జపంలా చెప్పేవాడు, జోర్డన్ బిన్నింగ్టన్ అని. ఆ గోల్‌కీపర్ ఈసీహెచ్‌ఎల్‌లో ఆడాడు, ఏహెచ్‌ఎల్‌లో ఏళ్ళు గడిపాడు, ఒక సీజన్ వేరే సంస్థ జట్టుకు అప్పుగా కూడా వెళ్ళాడు. ఇరవై అయిదేళ్ళ వయసులో అవకాశం వస్తే ఆ ఏడాదే, 2019లో, సెయింట్ లూయిస్‌కు ఎన్‌హెచ్‌ఎల్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్ తెచ్చిపెట్టాడు. ఇలాంటి కథలు అబద్ధాలు కావు. కానీ ఈసీహెచ్‌ఎల్‌లో ప్రతి డ్రెస్సింగ్ రూమ్‌లోనూ ఈ కథ తెలిసినవాళ్ళు ఇరవైమంది ఉంటారు.

2023లో పెద్దవాడికి ఒక ఏహెచ్‌ఎల్ జట్టు ఏడాది ఒప్పందం ఇచ్చింది. ఇక్కడ ఒక మెలిక ఉంది. అది ఏహెచ్‌ఎల్ జట్టుతో చేసుకున్న కాగితం, ఎన్‌హెచ్‌ఎల్‌తో కాదు. ఎంత బాగా ఆడినా, ఎన్‌హెచ్‌ఎల్ జట్టు విడిగా ఇంకో ఒప్పందం రాసుకుంటే తప్ప పైకి పిలవడం కుదరదు. పైగా కిందికి పంపితే జీతం కూడా కిందికే. క్యాంపు అయిన వారానికే ఈసీహెచ్‌ఎల్‌కు పంపారు. అక్కడ జట్టు అద్దె ఇల్లు ఇస్తుంది, సీజన్ ఉన్నన్నాళ్ళు వారానికి కొన్ని వందల డాలర్లు ఇస్తుంది, వేసవిలో ఏమీ ఉండదు. అప్పట్లో ఎన్‌హెచ్‌ఎల్‌లో కనీస జీతం ఏడాదికి 7,75,000 డాలర్లు. రెండు మెట్ల దూరంలో ఇంత తేడా ఉండబట్టే ఎవరూ ఆట మానలేకపోతున్నారు అనిపిస్తుంది నాకు.

మరుసటి ఏడాది నుంచి వాడికి ఏహెచ్‌ఎల్ కాగితం కూడా లేదు, ఈసీహెచ్‌ఎల్ జట్టుతోనే ఒప్పందం. పైనుంచి పిలుపు వస్తే పీటీఓ అనే తాత్కాలిక పరీక్ష ఒప్పందం మీద వెళ్ళాలి. అంటే 25 మ్యాచ్‌ల వరకూ ఆడించుకోవచ్చు, ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు పంపేయవచ్చు. ఆ పిలుపు ఎలా వస్తుందో చూస్తే నర్సుగా నాకు కొంచెం ఇబ్బందిగా ఉంటుంది. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఎవరికో మోకాలు తప్పుతుంది. ఆ ఖాళీలోకి ఏహెచ్‌ఎల్ నుంచి ఒకణ్ణి పిలుస్తారు. ఆ ఖాళీలోకి మావాడిని పిలుస్తారు. రాత్రికి రాత్రి కారెక్కి వెళ్ళి, నాలుగో లైన్‌లో, అంటే అందరికంటే తక్కువసేపు దిగే బృందంలో, ఏడెనిమిది నిమిషాలు ఆడి, ఆ మోకాలు బాగుపడగానే వెనక్కి వస్తాడు. మొదటిసారి పిలిచినప్పుడు వాడి జెర్సీ వెనక పేరు కుట్టించిన ఫొటో పంపాడు. మా ఫ్రిజ్ మీద అది ఇప్పటికీ ఉంది.

నన్ను ఎక్కువ బాధపెట్టింది స్కాలర్‌షిప్ సంగతి. డబ్ల్యూహెచ్‌ఎల్‌లో ఆడిన ప్రతి సీజన్‌కూ ఒక ఏడాది కాలేజీ ఫీజు, పుస్తకాల ఖర్చు లీగ్ భరిస్తుంది. పెద్దవాడికి నాలుగేళ్ళ డిగ్రీకి సరిపడా జమ అయింది. కానీ దాన్ని వాడుకోవడానికి గడువుంది. మైనర్ ప్రొఫెషనల్ లీగుల్లో తిరుగుతూ ఆ గడువు దాటిస్తే పోతుంది. తెలుగింటి ఆడదాన్ని, చదువు ఊరికే వస్తుంటే వదిలేయడానికి నా మనసొప్పదు. ఫోన్‌లో రెండు మూడు సార్లు అడిగాను. ‘ఇంకో ఒక్క సీజన్’ అన్నాడు. వాడి వయసులో వాడి కాళ్ళకున్న వేగం ముప్ఫైకి ఉండదు, చదువు అప్పటికీ ఉంటుంది అన్నది వాడి వాదన. అది తప్పని నేను అనలేను. గడువు మాత్రం దాటిపోయింది.

చిన్నవాడికి కాలం కలిసొచ్చింది. కెనడా జూనియర్ లీగుల్లో ఆడినవాళ్ళను అమెరికా కాలేజీ హాకీ దశాబ్దాలుగా ప్రొఫెషనల్స్‌గా లెక్కగట్టి దూరం పెట్టింది. 2024 నవంబరులో అమెరికా కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థ ఆ నిబంధన మార్చింది. 2025 ఆగస్టు నుంచి వాళ్ళూ చేరవచ్చని తీర్పిచ్చింది. 2025 మార్చిలో వాడి జూనియర్ సీజన్ ముగిసిన రోజే ఒక ఈసీహెచ్‌ఎల్ జట్టు వెంటనే రమ్మంది. రెండు కాలేజీలు కూడా అడుగుతున్నాయి. వాడు మాకు వీడియో కాల్ చేశాడు. ప్రొఫెషనల్ జట్టుకు ఒక్క మ్యాచ్ ఆడినా కాలేజీ తలుపు మూసుకుపోవచ్చని, కాలేజీ నుంచి ప్రొఫెషనల్‌కు వెళ్ళే తలుపు మాత్రం నాలుగేళ్ళ తర్వాత కూడా తెరిచే ఉంటుందని వాడి సలహాదారు చెప్పాడట. ‘మీరైతే ఏం చేస్తారు?’ అని మావారిని అడిగాడు. ఆయన ఏమంటారో వాడికి ముందే తెలుసు, అందుకే అడిగాడనుకుంటాను. ఇప్పుడు అమెరికాలో ఒక యూనివర్సిటీలో మొదటి ఏడాది కైనసియాలజీ, అంటే శరీర కదలికల శాస్త్రం, చదువుతూ, వారాంతాల్లో మ్యాచ్‌లు ఆడుతున్నాడు. కాలేజీ సీజన్‌లో మ్యాచ్‌లు జూనియర్‌లో సగం కంటే కొంచెం ఎక్కువ ఉంటాయి. మిగతా రోజుల్లో జిమ్‌లో బరువులెత్తి ఒళ్ళు పెంచాడు. మొన్న ఫొటోలో మెడ చూస్తే పోల్చుకోలేకపోయాను.

పెద్దవాడు ఈ సీజన్ ఇంకో ఊళ్ళో, ఇంకో ఈసీహెచ్‌ఎల్ జట్టులో ఉన్నాడు. వేసవిలో తండ్రితో కలిసి ఇళ్ళకు పైకప్పులు వేసే పని చేశాడు. ఏహెచ్‌ఎల్‌లో ఒక్కో మ్యాచ్‌కు గోల్‌కీపర్లు పోను దిగే పద్దెనిమిది మంది ఆటగాళ్ళలో పదమూడుగురు తక్కువ అనుభవం ఉన్నవాళ్ళే కావాలన్న నియమం ఉంది కాబట్టి, పాతవాడుగా లెక్కలోకి వచ్చేదాకా ఇంకా కొన్నేళ్ళు తన పేరు జాబితాల్లో ఉంటుందని వాడి లెక్క. క్రిస్మస్ తర్వాత పైనుంచి మళ్ళీ పిలుపు వచ్చింది, రెండు మ్యాచ్‌లు ఆడాడు, వెనక్కి వచ్చాడు. ఒప్పందం ఏప్రిల్‌తో అయిపోతుంది.